దోనె బండి మీద నావ

నల సంవత్సరం, వైశాఖ శుద్ధ పంచమి

దోనె పగిలింది. అడుగున మొదలై అంచు దాకా, లోపలికి చెయ్యి పట్టేంత పగులు. ఇక అతుకు నిలవదని వడ్రంగి రాఘవులు చెప్పాడు. ఆ మాట నేను నిరుడే చెప్పాను.

కోడలు వీరాయమ్మ ఆవలి ఒడ్డు నుంచి జనాన్ని తెస్తుండగా నడి ఏట్లో పగిలిందట. ఎక్కినవాళ్ళ చేత నీళ్ళు తోడిస్తూ, తాను గెడ వేస్తూ ఒడ్డుకు చేర్చింది. నలుగురి పంచెలు తడవడం తప్ప నష్టం లేదు. భయపడ్డావా అని అడిగాను.

"తీరికేదండీ అత్తయ్యగారూ" అంది.

సమాధానం సరిగానే ఉంది. తడి బట్టలతో వాకిట్లో నిలబడినందుకు మాత్రం మందలించాను.

శుద్ధ సప్తమి

అమలాపురం కచేరీ నుంచి మనిషి వచ్చాడు. ఏరువాక పున్నమి నాటికి పశువులు కూడా ఎక్కగలిగిన వెడల్పాటి నావ మా రేవులో తేలుతూ ఉండాలట. లేకపోతే రేవును మరొకరికి ఇస్తారట. వైనతేయ మీద ఈ రేవు మా మావగారి కాలం నుంచి మా ఇంటిది. మా అబ్బాయి కామరాజు గత్తరలో పోయిన రోజు కూడా రేవు ఆగలేదు. ఆ వేళ నుంచీ గెడ వీరాయమ్మ చేతిలోనే ఉంది. ఆ సంగతి అతనికి గుర్తు చేశాను.

"ఆయ్, అందుకేనండి గడువిచ్చేరు. లేకపోతే ఈపాటికి దండోరా వేసేద్దురు" అన్నాడు.

మజ్జిగ ఇచ్చి పంపించాను.

శుద్ధ అష్టమి

రాజోలు నుంచి వీరాయమ్మ అన్న కనకరాజు ఎగువ రేవున దాటి వచ్చాడు. దోనె సంగతి విన్నాడట. మంచివాడే. కూర్చోమన్నా కూర్చోకుండా మాట్లాడాడు.

"అత్తయ్యగారూ, మీకు తెలియందేముందండి. మా చెల్లిని తీసుకెళ్తాను. దోనె ఉన్నప్పుడు సరే. ఇప్పుడు దోనే లేదు, రేపోమాపో రేవూ ఉండదు. పిల్లాజెల్లా కూడా లేరు కదండీ ఇక్కడ కట్టిపడెయ్యడానికి."

న్యాయమైన మాట. న్యాయమేనని చెప్పాను. ఏరువాక దాకా ఆగమన్నాను. నావ వచ్చి రేవు నిలబడితే వీరాయమ్మ ఇష్టం, రాకపోతే అతను బండి కట్టుకోవచ్చు. ఒప్పుకున్నాడు. వీరాయమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. రాళ్ళన్నీ ఎప్పుడో ఏరేసిన బియ్యం అవి.

పుట్టింటికి వెళ్ళడంలో తప్పు లేదు. నాకు కొత్తపేటలో కూతురు సీతారత్నం ఉంది, మనవలు ఉన్నారు, రమ్మని ఏటా కబురు పెడతారు. నాకేమీ లోటు లేదు.

నావ కోసం వెతకడం రేవు పరువు కోసం. వేరే కారణం లేదు.

శుద్ధ ఏకాదశి

ముమ్మిడివరంలో బంగారరాజు దగ్గర కొత్త నావ ఉందని తెలిసింది. అడుగు బల్లపరుపు.

శుద్ధ త్రయోదశి

వెళ్ళి చూసి వచ్చాను. ఒళ్ళంతా దుమ్ము. అయినా ముందు ఇది రాసుకోవాలి.

బంగారరాజు సముద్రం పడవలు కట్టేవాడు. ఈ ఒక్క నావ ఎవరో రేవు కోసం కట్టమని, తరువాత వద్దన్నారట. బోర్లించి, గుగ్గిలం పూసి, ఆరబెట్టి ఉంది. మంచి కలప. పొడవు పద్నాలుగు మూరలు, వెడల్పు నాలుగు. రెండు కొసలూ ఒక్క తీరు. అడుగు మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఒక కొసన తాడు కట్టే కొయ్య మాత్రం బిగించాడు. పశువులు నిలబడే దళసరి బల్లలు ఇంకా వేయలేదు.

"బరువు ఎటు ఉంటుంది బంగారరాజుగారూ?" అని అడిగాను.

"తల తేలికండి అక్కయ్యగారూ, తోక బరువు. పశువుల బల్ల తోకవైపు వస్తుంది కదండీ. దేని మీదైనా మొయ్యాలంటే ఆ లెక్కన చూసుకోండి."

తాడుకు ముడులు వేసి అన్ని కొలతలూ తెచ్చాను.

ఇప్పుడు తేవడం ఎలా అన్నదే ప్రశ్న. ఆ నావ గౌతమి పక్క ఉంది, మా రేవు వైనతేయ మీద. నీటి మీద రావాలంటే గౌతమికి ఎదురెక్కి, ఆనకట్ట దాటి, వశిష్ఠలో దిగి రావాలి. ఈ ఎండల్లో ఏట్లో ఇసక మేటలే తప్ప నీళ్ళు లేవు. సముద్రం మీదుగా అంటే బల్లపరుపు నావ అలకు ఆగదు. నేల మీదే రావాలి.

నేల మీద రావడానికి మన దగ్గర దోనె బండి ఉంది. వేసవిలో దోనెను పాకలోకి తెచ్చి బాగుచేయడానికి మావారు బతికుండగా తన చేత్తో చేసుకున్న రెండు చక్రాల బండి. సన్నని దోనెకు సరిపోయేలా చేసిన బండి మీద వెడల్పాటి నావ ఎక్కాలి. దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను. బండి తోలే సత్తియ్య ఏదో చెబుతూనే ఉన్నాడు. ఒక్క మాట వినలేదు.

పున్నమి

రాఘవులు వచ్చి బండి చూసి, తాడు చూసి, మళ్ళీ బండి చూశాడు.

"ఇది కుదిరే పని కాదండి అమ్మగారూ."

"ఎందుకు కుదరదో ఒక్కొక్కటే చెప్పు."

చెప్పాడు. నావ వెడల్పు చక్రాల మధ్య పట్టదు. దోనె కూర్చునే ఒళ్ళు గుండ్రంగా ఉన్నాయి, నావ అడుగు బల్లపరుపు. ఒళ్ళు అంటే బండికి అడ్డంగా ఉన్న రెండు దుంగలు, దోనె పొట్టకు తగ్గట్టు లోపలికి చెక్కినవి. ఇక నావ బరువు ఒకవైపు, ఇరుసు ఒకవైపు.

"ఇంతేనా?"

"ఇంతేనండి" అన్నాడు, అంతకంటే ఏం కావాలన్నట్టు.

మూడు అడ్డంకులు. మూడూ కొయ్యతో తీరేవే. నాకు ఉత్సాహం ఏమీ లేదు, ఈ వయసులో ఉత్సాహం ఎందుకు, కానీ అన్నం చల్లారిపోయిందని వీరాయమ్మ వచ్చి చెప్పేదాకా వాకిట్లో బొగ్గుతో గీతలు గీస్తూనే ఉన్నాను. అన్నం తెచ్చి పెట్టి తాను కూడా గీతల పక్కన కూర్చుంది. ఒక గీత తుడిచి కాస్త అవతలికి గీసింది. ఎందుకు తుడిచావని కోప్పడి, తరువాత చూస్తే అదే బాగుంది.

బహుళ తదియ

చక్రాల సంగతి.

రాఘవులు ఇరుసు పొడుగు చేద్దామన్నాడు. పొడుగు ఇరుసు నడుమ విరుగుతుంది, వద్దన్నాను. అయితే చక్రాల పైకి దిమ్మలు వేసి ఎత్తు చేద్దామన్నాడు. చేసి చూశాము. పక్కన నిలబడి పైకి చూశాడు.

"ఇది బండి కాదండి. పిట్టల్ని తోలుకునే మంచె."

పక్కకు ఒక గుంట తగిలితే నావ, మంచె, ఎద్దులు అన్నీ కాలవలోకే. విప్పించాను.

మధ్యాహ్నం తోచింది. ఎత్తు దిమ్మలది కాదు, చక్రాలది. చక్రాలు చిన్నవైతే నావ వాటి పైన కూర్చున్నా నేలకు దగ్గరగానే ఉంటుంది. ఉప్పుబండి చక్రాలు. పలకలు జోడించి చేసిన బిళ్ళ చక్రాలు, పొట్టివి, దళసరివి, ఇసకలో దిగబడవు. నాన్నగారు ఉప్పు పడవలకు లెక్కలు రాసేటప్పుడు నేను ఆ బండ్ల మీదే కూర్చుని అక్షరాలు దిద్దాను. నాకు తెలియాలి కదా.

ఆ మాట చెబితే రాఘవులు గడ్డం గోక్కున్నాడు. "ఆయ్" అన్నాడు. చాలాసేపటికి మళ్ళీ "ఆయ్" అన్నాడు. సత్తియ్య ఉప్పుబండి ఒకటి చూసి వస్తానని వెళ్ళాడు.

బహుళ పంచమి

చక్రాలు వచ్చాయి. అతికినట్టు కుదిరాయి. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. చూడవలసింది ఏముందని కసిరాను. సాయంత్రం నేనే మరో రెండుసార్లు వెళ్ళి చూశాను.

బహుళ సప్తమి

ఇవాళ ఒళ్ళు కోయించాను.

ఆ రెండు దుంగలూ ఆయన చెక్కినవి. దోనె పొట్టకు చెయ్యి ఆనించి, ఆ చేతి వంపు చూసుకుని చెక్కేవారు. రాఘవులు రంపం పట్టుకుని నా మొహం చూశాడు.

"కొత్త దుంగలు వేద్దామాండీ? ఇవి దాచుకుంటారా?"

"కొయ్య గట్టిగా ఉన్నప్పుడు కొత్తది ఎందుకు? వంపు తీసెయ్, పైన బల్లపరుపు చెయ్."

రంపం వేసే వేళకు నూనె తేవాలని లోపలికి వెళ్ళాను. నూనె బయటే ఉందట. వీరాయమ్మ తరువాత చెప్పింది. కోసిన ముక్కలు పొయ్యిలోకి వెళ్ళకుండా ఆమె పాకలో పెట్టింది. పొయ్యిలోకి అవసరం అవుతాయి కదా అన్నాను. తడిగా ఉన్నాయండి అంది. ముప్పై ఏళ్ళ నాటి కొయ్య తడిగా ఉండడం ఏమిటో.

ఇద్దరం కూర్చుని బల్లపరుపు దుంగలకు కొబ్బరిపీచు తాడు చుట్టాము, నావ అడుగు గీరుకోకుండా. ఆమె తాడు బిగిస్తే చెయ్యి ఎర్రబడదు. నాకు ఎర్రబడింది. నేను చుట్టినంత మేరా ఆమె విప్పి మళ్ళీ చుట్టింది, నేను చూడలేదనుకుంది.

బహుళ దశమి

ఇరుసు వెనక్కి జరిపించాను. నావకు తల ముందుకు ఉంటుంది, తల తేలిక, తోక బరువు అని బంగారరాజు చెప్పాడు, కాబట్టి ఇరుసు వెనక్కి. ఇందులో ఆలోచించవలసింది లేదు.

తాటి దుంగలు వేసి, వెనక బరువు ఎక్కువ పెట్టి పరీక్ష చేశాము. కాడి గాలిలో తేలినట్టు నిలబడింది. సత్తియ్య ఒక వేలితో ఎత్తి చూపించాడు. మనిషి బరువు కూడా చూడాలి కాబట్టి నేను ఎక్కి కూర్చున్నాను. లాగమన్నాను. వీధి చివరి దాకా లాగారు. చాలునా అని సత్తియ్య అడిగితే, ఇంకోసారి చూస్తే తప్పేమిటని వెనక్కి కూడా లాగించాను. వీరాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. దగ్గు కాదు అది.

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి

కనకరాజు మళ్ళీ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. "నావ ఎక్కేక చూద్దామండి" అన్నాడు. నావ తేవడానికి తానూ వస్తానన్నాడు. రమ్మన్నాను. బలమైన మనిషి, తాడు పట్టడానికి పనికొస్తాడు. వచ్చిన పని ఏదైనా.

చెల్లెలితో పెరట్లో ఏదో మాట్లాడాడు. నేను వినలేదు. వినపడలేదు కూడా.

శుద్ధ దశమి, ముమ్మిడివరం

ఇది బంగారరాజుగారి పంచలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే చేరాము. రెండు జతల ఎద్దులు, సత్తియ్య, రాఘవులు, కనకరాజు, వీరాయమ్మ, నేను. ఎండకు బీటలు వారకుండా నావను తాటాకులతో కప్పి ఉంచారు. కట్టుకొయ్య ఉన్న కొస మాత్రం బయటికి కనపడుతోంది. తల అదే. మా రేవులో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు.

"తల ముందుకు" అని చెప్పి, ఆ కొస ఎద్దుల వైపు ఉండేలా ఎక్కించాను. పదిమంది పట్టారు. నావ పీచు తాడు మీద ఎంత మెత్తగా కూర్చుందో. రాఘవులు నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేదు, కానీ బాగుంది.

అదిలించగానే ముందు జత ఒక అడుగు వేసింది. కాడి కింది జత మోకాళ్ళ మీద కూలింది. కాడి మెడల మీద బండలా దిగిపోయింది. ఎడమ ఎద్దు నోరు తెరిచి నాలుక బయట పెట్టింది. మగవాళ్ళంతా నొగ కింద భుజాలు పెట్టి ఎత్తితే తప్ప వాటికి ఊపిరి ఆడలేదు.

కనకరాజు చెల్లెలి వైపు చూశాడు. "చూసేవా? కదలకముందే ఎద్దు మోకాళ్ళు వేసింది. ఇంకేం శకునం కావాలే?"

వీరాయమ్మ ఎద్దు మెడ రుద్దుతోంది.

నేను తాటాకులు లాగి చూశాను. పశువుల బల్లలన్నీ ముందువైపే ఉన్నాయి.

"బంగారరాజుగారూ, పశువుల బల్ల తోకవైపు అన్నారు. తలవైపు బిగించారేమిటి?"

"తోకవైపే బిగించేనండి అక్కయ్యగారూ."

"కట్టుకొయ్య కనపడటం లేదా? అది ఉన్నది తల."

ఆయన కొయ్య మీద చెయ్యి వేశాడు. "కట్టుకొయ్య తోకకి కదండీ ఉండేది. ఒడ్డుకి కట్టేది తోక. తల సముద్రం మీదకి చూస్తుంది."

అప్పుడు తెలిసింది. మా రేవులో నావకు తల ఇంటివైపు. ఎప్పుడూ ఇంటివైపే. కట్టేది తలనే. వాళ్ళకు తల సముద్రం వైపు, ఒడ్డున ఉండేది తోక. ఇద్దరం ఒకే కొసను చూస్తూ ఒకరు తల అన్నాము, ఒకరు తోక అన్నాము. కొలతలన్నీ సరిగానే తెచ్చాను. ఏ కొసను తల అంటారో మాత్రం అడగలేదు.

సరే, తిప్పి ఎక్కిస్తే బరువు వెనక్కి వెళుతుంది, ఇరుసు అక్కడే ఉంది, అంతా కుదురుతుంది. తిప్పమన్నాను. సత్తియ్య ఎద్దులను విప్పేశాడు.

"తోక ముందుకి పెట్టి నేను తోలనండి అమ్మగారూ. చితికిపోయిన నావని పొయ్యికి పంపించేటప్పుడు అలా తోల్తారు. కొత్త నావని అలా తోలితే నా ఎద్దులు నాకు మిగలవు."

అతను చెప్పింది తప్పు కాదు. మా ఇంటి వాకిట్లో ఆ ఆచారం ఎవరైనా తప్పితే నేనే ఊరుకోను. కనకరాజు సత్తియ్యను సమర్థించాడు. రాఘవులు ఇరుసు ముందుకు జరపడానికి ఎంత పని ఉందో చెప్పాడు. మళ్ళీ గాడి కొట్టాలి, పాత గాడి దగ్గర కొయ్య బలహీనమవుతుంది, ఏరువాక దాటిపోతుంది. కనకరాజు ఏరువాక మాట వినగానే కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

నేను నావ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను.

"సత్తియ్యా, ఇది ఎవరి నావ?"

"మీదేనండి."

"ఇంకా కాదు. మా రేవు నీళ్ళు తగిలేదాకా ఇది బంగారరాజుగారి నావ. ఆయన కట్టాడు, ఆయన ఊళ్ళో ఉంది. ఆయన ఏ కొసను తల అంటే అదే దీనికి తల. ఆయన చెప్పిన తల ఇప్పుడు వెనక ఉంది. అంటే తోక ముందుకు పెట్టినది ఇందాక, ఎద్దు కూలినప్పుడు. తిప్పితే తల ముందుకు వస్తుంది."

సత్తియ్య లెక్క వేసుకుంటున్నట్టు రెండు కొసలూ చూశాడు. "మరి మన రేవులోకి దిగేకండీ?"

వీరాయమ్మ ఎద్దు మెడ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే అంది. "దిగేక ఎటు పోతే అటే తల సత్తియ్య బాబాయ్. అటెళ్ళేటప్పుడు ఆ కొస ముందు, ఇటొచ్చేటప్పుడు ఈ కొస ముందు. నేను తిప్పుకునే కూర్చుంటే జనం ఎప్పటికి దాటుతారు?"

బంగారరాజు పెద్దగా నవ్వాడు. సత్తియ్య కూడా నవ్వి ఎద్దులను తోలుకొచ్చాడు. వీరాయమ్మ అన్నది నేను అనబోతున్న మాటే. ఆమె ముందు అనేసింది.

తిప్పి ఎక్కించాము. ఒక వేలితో కాడి లేచింది. రేపు బయలుదేరతాము.

శుద్ధ ద్వాదశి, అమలాపురం దాటాక

నిన్న, ఇవాళ. ఎంతని రాయను.

కొత్తగా తవ్విన కాలవ అడ్డం వచ్చింది. నీళ్ళు ఇంకా వదలలేదు, గట్టు దిగి అడుగున నడిచి అవతలి గట్టు ఎక్కాలి. దిగేటప్పుడు నావ ఎద్దుల మీదకు ఉరకబోతుంది కాబట్టి వెనక నుంచి మోకులు పట్టాలి. ఒక మోకు కనకరాజు, ఒకటి వీరాయమ్మ. ఆడది మోకు పట్టడమేమిటని గట్టు మీద ఎవరో అన్నారు. కనకరాజు మోకు జారింది. వీరాయమ్మది జారలేదు. ఒక్క క్షణం నావంతా ఆమె మడమల మీద ఆగింది. మడమలు మట్టిలో చాళ్ళు చేశాయి. కనకరాజు మళ్ళీ పట్టుకునేదాకా ఆగింది.

అవతలి గట్టు మీద అతను మోకు చుడుతూ, "ఇంత బలం ఎక్కడిదే నీకు?" అన్నాడు.

"మీ ఇంట్లో ఉన్నప్పుడు లేదన్నయ్యా."

నేను వాళ్ళకు రెండడుగుల ముందే నడుస్తున్నాను కాబట్టి విన్నాను.

ఇవాళ అమలాపురం వీధుల్లో జనం అరుగులు ఎక్కి చూశారు. పెళ్ళికి కూడా ఇంత మంది రారు. నావ ఎవరిదని అడిగితే సత్తియ్య ప్రతి ఒక్కరికీ, "ముమ్మిడివరందండి, రేపటి నుంచి మాది" అని చెప్పాడు. నా మాట తనదైపోయింది.

శుద్ధ త్రయోదశి

ఇల్లు చేరాము. నావ పాకలో ఉంది.

బండారులంకలో ఆగిపోతామనుకున్నాను. సాలెవారు వీధి పొడుగునా పడుగు సాచి గంజి పెడుతున్నారు. తడి నూలు, ఎర్రది, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఆరేదాకా మడవడానికి లేదు, మడిస్తే అంటుకుపోతుంది. పక్క సందులో బండి పట్టదు. ఏరువాక ఎల్లుండి.

వాళ్ళ పెద్ద, చేతిలోని గంజి కుంచె దింపకుండానే అడిగాడు. "ఎంత ఎత్తుందండి మీ నావ?"

చెప్పాను. బండి పొట్టిది కావడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. ఆయన కేక వేశాడు. వాళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ వచ్చి ఊతకర్రలతో పడుగును తలల పైకి ఎత్తి పట్టుకున్నారు. నావ దాని కింద నుంచి వెళ్ళింది. ఎర్రని నూలు పందిరి, కింద గుగ్గిలం వాసన వేసే నావ, పైనుంచి గంజి చుక్కలు. నేను నావ పక్కనే నడిచాను. ఎద్దుల గంటలు సత్తియ్య చేత్తో పట్టుకున్నాడు, ఎందుకో అతనికే తెలియాలి.

నా చీర మీద గంజి మరకలు. ఉతకడానికి వేయలేదు. రేపు చూడాలి.

శుద్ధ చతుర్దశి

పని లేదు. రాయడానికి ఏమీ లేదు. కనకరాజు తన బండి ఆవలి ఒడ్డున సిద్ధంగా ఉంచమని కబురు పెట్టాడట. పెట్టనీ.

నావ వచ్చింది, రేవు నిలుస్తుంది. నా పని అయిపోయింది. ఎవరి ఇష్టం వారిది అని నేనే చెప్పాను కదా.

వీరాయమ్మ పొద్దుట నుంచి కొబ్బరి కోరుతోంది.

ఏరువాక పున్నమి

నావ నీళ్ళలో దిగింది. బండితో సహా ఏట్లోకి తోలి, నావ తేలగానే బండిని కింద నుంచి లాగేశారు. ముందు కొంచెం ఊగి, తరువాత నిలబడింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. రాఘవులు నడుం దాకా నీళ్ళలో నిలబడి చేతులతో అడుగంతా తడిమి చూశాడు. కచేరీ మనిషి ఎక్కి, అటూ ఇటూ నడిచి, బల్లల మీద గట్టిగా తొక్కి, "సరిపోయిందండి, రేవు మీదే" అన్నాడు.

కనకరాజు ఆవలికి వెళ్ళాలి. నావలో మొదటిసారి దాటేది అతనే. వీరాయమ్మ గెడ తీసుకుంది. మరో చేతిలో మూట ఉంది. పెద్ద మూటే. నావలో పెట్టింది.

మూటలో ఏముందని నేను అడగలేదు. అడగడం నా అలవాటు కాదు. అది అబద్ధం, నేను అన్నీ అడుగుతాను. ఇవాళ అడగలేదు.

"వెళ్ళొస్తానండి అత్తయ్యగారూ" అన్నాడు కనకరాజు. వంగి దణ్ణం పెట్టాడు.

వీరాయమ్మ గెడ ఒడ్డుకు పొడిచింది.

నావ వెళుతుంటే నేను కొలతలు చూసుకుంటూ నిలబడ్డాను. నీళ్ళపైన అంచు ఎంత ఎత్తు ఉంది, ఏ వైపు వాలుతోంది అని. ఏ వైపూ వాలడం లేదు. నడి ఏరు దాటాక మనుషులు ఎవరో తెలియలేదు. ఆవలి ఒడ్డున నావ ఆగింది. చాలాసేపు ఆగింది. కచేరీ మనిషి వెళ్ళిపోయాడు. రాఘవులు బట్టలు పిండుకుని వెళ్ళిపోయాడు. సత్తియ్య ఎద్దులను కడగడం అయిపోయినా మళ్ళీ కడుగుతున్నాడు. ఇంటికి వెళ్ళమని చెప్పినా వెళ్ళలేదు.

నావ కదిలింది. దాని మీద జనం. గెడ ఎవరు వేస్తున్నారో తెలియలేదు. కనకరాజు ఎవరినైనా కుదిర్చి పంపించాడేమోననుకున్నాను. గెడ వేసే తీరు చూశాను. నడుం కాస్త ఎడమకు వంచి, మడమ ఎత్తకుండా.

ఒడ్డుకు రాగానే, "ఇంత ఆలస్యం ఏమిటి?" అని అడిగాను.

"పొద్దుట నుంచి జనం కాచుకున్నారంటండి అవతల. అన్నయ్య బండితో పాటు వాళ్ళ ఊరి వాళ్ళూ వచ్చేరు. వాళ్ళకి నావ చూపించకుండా కదలనన్నాడు. అందరినీ ఎక్కించి దింపించి, ఎవరు కట్టించేరో చెప్పి, అప్పుడు బండెక్కేడండి."

"మూట ఏది?"

"వదినకండి. కొబ్బరి ఉండలు. పిల్లలకి కూడా."

మరి కాస్త బెల్లం వేయవలసిందని అన్నాను. నేను రుచి చూడనే లేదు. ఆమె నవ్వి దిగబోయే వాళ్ళకు చెయ్యి అందించింది. ఒక ముసలాయన దూడను దింపలేక తంటాలు పడుతున్నాడు. పలుపు నేను పట్టుకున్నాను. దూడ నా పాదం తొక్కింది. ఇంకా నొప్పి ఉంది, ఒప్పుకుంటాను.

వీరాయమ్మ చేతులకు మోకు ఒరిపిడి ఇంకా ఆరలేదు. నేను నూనె రాస్తుంటే, సీతారత్నం కబురు పెట్టిందట, కొత్తపేట ఎప్పుడు వెళ్తారని వీరాయమ్మ అడిగింది. ఈ ఏడు కుదరదని చెప్పాను.

రేపు పొద్దున మొదటి దాటుకు నేను ఆవలికి వెళ్ళి వస్తాను. అక్కడ నాకు పనేమీ లేదు.